‘వి’ మొన ఎటు తిరిగింది?

ప్రశ్న: సర్వే ఆఫ్ ఇండియా 1:50,000 టోపోషీటులో (నేల ఎత్తుపల్లాలు చూపే పటంలో) గోధుమరంగు కాంటూరు గీతలు (ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గీతలు) ‘వి’లా వంగిన చోట లోయ ఉందో, కొండ కొమ్ము (కొండ నుంచి కిందికి పొడుచుకొచ్చిన గట్టు) ఉందో ఎలా పోల్చుకోవాలి?

జవాబు: వంపు చూసి ఊహించకండి, ముందు అంకెలు చదవండి. లావు గీత మీద ఎత్తు మీటర్లలో ఉంటుంది. మొన పెద్ద అంకె వైపు తిరిగితే లోయ. చిన్న అంకె వైపైతే కొమ్ము. వాగు గీత కూడా సాక్ష్యమే, కానీ నీలం కోసమే వెతక్కండి: ఎండిపోయే వాగులను నలుపులో గీస్తారు.

గీతకూ గీతకూ ఎత్తులో తేడా సాధారణంగా 20 మీటర్లు, ప్రతి ఐదో గీత లావుగా ఉంటుంది. షీటు అంచున రాసిందే ఖాయం. పక్కపక్క లావు గీతల మధ్య స్కేలు పెట్టండి. సెంటీమీటరు వస్తే 500 మీటర్ల దూరంలో 100 మీటర్లు ఎక్కాలి. 4 మిల్లీమీటర్లే వస్తే 200 మీటర్లలోనే అంత ఎత్తు, రొప్పు తప్పదు. 15 మీటర్ల నిలువు బండ మాత్రం రెండు గీతల మధ్య కనపడకుండా దాక్కోగలదు.