చెదలు, ఎలుకలు చేసిన నష్టం ఇంటి ఇన్సూరెన్స్‌లో వస్తుందా?

గుంటూరు గోరంట్లలో గ్రౌండ్ ఫ్లోర్ ఫ్లాట్, తాళాలు తీసుకుని నాలుగేళ్లు దాటింది, బెడ్‌రూమ్ కప్‌బోర్డులు చెద తినేసింది, వంటింట్లో ఎలుకలు వైర్లు కొరుకుతున్నాయి, హోమ్ లోన్ అప్పుడు బ్యాంకు వాళ్ళు చేయించిన ఇన్సూరెన్స్ ఉంది కదా, క్లెయిమ్ పెడితే డబ్బులొస్తాయా అని మీరు అడిగారు.

కప్‌బోర్డులకి రావండి. ఆ ఆశ వదిలేసుకోండి. ఎలుకల సంగతి కొంచెం వేరు, అందులో ఒక దారి ఉంది. మీ పరిస్థితిలో ఇన్సూరెన్స్ కంటే ముందు పట్టుకోవాల్సిన మనిషి మీ బిల్డర్. అదీ ఈ నెలలోనే. ఎందుకో చెబుతాను.

ముందు ఇన్సూరెన్స్ ఎందుకు రాదో చూద్దాం. ఇప్పుడు మన దగ్గర ఇళ్ళకి ఎక్కువగా అమ్మేది 'భారత్ గృహ రక్ష' పాలసీ. 2021 ఏప్రిల్ 1 నుంచి జనరల్ ఇన్సూరెన్స్ కంపెనీలన్నీ ఇది ఒకే పద్ధతిలో ఇవ్వాలని బీమా నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ నిబంధన పెట్టింది. ఏ కంపెనీ దగ్గర తీసుకున్నా మూల కవరేజీ అదే. అందులో వేటికి డబ్బులిస్తారో పేరుపేరునా రాసి ఉంటుంది: అగ్ని ప్రమాదం, పిడుగు, పేలుడు, భూకంపం, తుఫాను, వరద, కొండచరియలు విరిగిపడటం, అల్లర్లు, ఏదైనా వాహనం వచ్చి గోడని గుద్దడం, నీళ్ల ట్యాంకులు పైపులు పగిలి పొర్లడం, ఇలా. ఈ వరసలో ఉన్నవి జరిగితేనే ఇస్తారు. చెద అందులో లేదు. వీటన్నిటికీ 'ఫలానా రోజు ఫలానాది జరిగింది' అని చెప్పగలం. చెద ఏ రోజు పట్టిందో ఎవరు చెప్పగలరు? అది ఇంటి యజమాని చూసుకోవాల్సిన మెయింటెనెన్స్ ఖర్చు అన్నది కంపెనీల లెక్క. నాకూ నచ్చదు కానీ లెక్క అదే.

మాది బ్రాడీపేటలో నాన్నగారు కట్టించిన ఇల్లు. పూజగది గుమ్మానికి చెద పట్టినప్పుడు నేనూ కంపెనీకి ఫోన్ చేశాను. పైకి చూస్తే ఏమీ తెలియదు, ఎనామిల్ రంగు నున్నగా అలాగే ఉంది. పక్కన పటం తీస్తే గోడ మీద బొటనవేలంత వెడల్పున మట్టి చార. గుమ్మాన్ని వేలితో నొక్కితే అప్పడంలా విరిగింది. లోపల చెక్క లేదు, పొరలు పొరలుగా మట్టి, అందులో తెల్లగా పాకే పురుగులు. ఫోన్‌లో అమ్మాయి అంతా ఓపిగ్గా విని, "ఇది మీ పాలసీలో కవర్ అవ్వదు సర్" అని రెండు ముక్కల్లో తేల్చేసింది. ఆ తర్వాత పాలసీ కాగితం మొత్తం చదివితే ఆ అమ్మాయి చెప్పింది నిజమేనని తెలిసింది.

ఇక మీ దగ్గరున్న పాలసీ గురించి. అది అసలు ఇంటి ఇన్సూరెన్సేనా? బ్యాంకులో లోన్‌తో పాటు సంతకం పెట్టించేది చాలాసార్లు లోన్ తీసుకున్న మనిషి ప్రాణానికి చేసే పాలసీ అయి ఉంటుంది. మనిషికి ఏమైనా అయితే లోన్ తీరుతుంది. ఇల్లు కాలిపోతే దానికి సంబంధం లేదు. కాగితం తీసి చూడండి. ఫ్లాట్ నంబరు, అడ్రసు, 'బిల్డింగ్' అన్న మాట పక్కన ఒక మొత్తం ఉంటే అది ఇంటి పాలసీ. మీ పుట్టినతేదీ, నామినీ పేరు మాత్రమే కనబడితే అది ఇంకొకటి. ఇంటి పాలసీయే అయితే సామాన్లకి కూడా ఉందా, ఉత్త బిల్డింగ్‌కేనా అన్నది చూడండి. బ్యాంకుకి కావాల్సింది బిల్డింగ్ ఒక్కటే కాబట్టి వాళ్ళు అంతవరకే చేయించి ఊరుకుంటారు.

కొత్తగా తీసుకునే పనైతే లెక్క తేలికే. కార్పెట్ ఏరియాని మన ఊళ్లో చదరపు అడుగు కట్టడానికయ్యే ఖర్చుతో గుణించాలి. వెయ్యి అడుగులు, అడుగుకి రెండు వేలు అనుకుంటే 20 లక్షలు. స్థలం విలువ ఇందులో కలపరు, అది కాలిపోయేది కాదు కదా. బిల్డింగ్‌తో పాటు సామాన్లు కూడా కావాలంటే వస్తువుల జాబితా ఇవ్వకుండానే ఆ మొత్తంలో 20 శాతం, గరిష్ఠంగా 10 లక్షల వరకు ఉంటుంది. అంటే పై లెక్కలో 4 లక్షలు. అంతకంటే ఎక్కువ కావాలంటే లిస్టు ఇవ్వాలి.

ఎలుకల దగ్గరికి వద్దాం. ఎలుక కొరికిన వైరు, సోఫా, బియ్యం బస్తా, వీటికి రూపాయి రాదు. కానీ ఆ కొరికిన వైరు వల్ల మంటలు లేస్తే అది అగ్ని ప్రమాదం. అది జాబితాలో మొదటిదే. మా వీధిలో ఒక రిటైరైన మాస్టారి ఇంట్లో సరిగ్గా ఇలాగే అయింది. రాత్రిపూట ఫ్రిజ్ వెనక నుంచి నిప్పురవ్వలు, పక్కనే కర్టెన్, అక్కణ్ణుంచి కిటికీ చెక్కకి, పైన అటక మీద అట్టపెట్టెలకి. ఫైరింజన్ వచ్చేలోపు వంటిల్లు సగం నల్లగా అయిపోయింది. తెల్లారి చూస్తే ఫ్రిజ్ వెనకాల మాడిపోయిన ఎలుక. మాస్టారికి ఒకటే టెన్షన్. ఎలుక వల్ల అయిందని తెలిస్తే క్లెయిమ్ కొట్టేస్తారేమో, దాన్ని తీసి పారేద్దామా అని మమ్మల్ని అడిగారు. అలాగే ఉంచమన్నాం. కంపెనీ తరఫున నష్టం లెక్కగట్టే సర్వేయర్ వచ్చి దానికి కూడా ఫొటో తీసుకున్నాడు. "డబ్బులు ఎలుకకి కాదు మాస్టారూ, మంటకి ఇస్తాం. నష్టం ఎలా మొదలైందో తెలిస్తే నాకే పని తేలిక" అన్నాడు.

గోడలు, కిటికీ, కప్‌బోర్డులు, అటక మీద కాలిన సామాన్లు అన్నిటికీ వచ్చాయి. ఫ్రిజ్‌కి రాలేదు. షార్ట్ సర్క్యూట్ ఏ కరెంటు వస్తువులో జరిగిందో ఆ వస్తువుకి ఇవ్వరని పాలసీలోనే ఉంటుంది. దాని వల్ల పక్కవి కాలితే ఇస్తారు. ఇది తెలియక చాలామంది "ఫ్రిజ్‌కే ఇవ్వనివాళ్ళు ఇంటికేమిస్తారు" అని క్లెయిమే పెట్టరు. సర్వేయర్ అడిగినవి: అగ్నిమాపక శాఖ రిపోర్టు, ఎలక్ట్రీషియన్ రాసిచ్చిన కాగితం, పెద్ద వస్తువుల బిల్లులు, పాత ఫొటోలు. వీటితో పాటు పెస్ట్ కంట్రోల్ చేయించిన బిల్లులు ఉన్నాయా అని కూడా అడిగాడు. ఇంటిని జాగ్రత్తగా చూసుకోవడం మన బాధ్యత అన్న షరతు పాలసీలో ఉంటుంది కాబట్టి ఆ బిల్లు ఒకటి ఫైల్లో ఉంటే మన మాటకి బలం. మీ ఇంట్లో ఎలుకలు వైర్లు కొరుకుతున్నాయని మీకు ఇప్పటికే తెలుసు. తెలిసీ ఊరుకున్నారన్న మాట రాకుండా వైరింగ్ మార్పించి, ఆ బిల్లు దాచండి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఒకటి పెట్టించండి. లీకేజీ ఉంటే కరెంటు కట్ చేస్తుంది.

తమాషా ఏంటంటే కారులో ఎలుక వైర్లు కొరికితే ఇచ్చే యాడ్-ఆన్‌ని కొన్ని కంపెనీలు అమ్ముతున్నాయి. ఇంటికి అలాంటిది నా కంటపడలేదు.

వంటింట్లో వైర్ల కంటే ముందు గ్యాస్ ట్యూబు చూడండి. ఇప్పటికీ పాత రబ్బరు ట్యూబే వాడుతుంటే ఈరోజే తీసేసి, లోపల స్టీలు తీగ అల్లిక ఉండే 'సురక్ష' ట్యూబు వేయించండి. ఐదేళ్లు వస్తుంది. ఆర్‌ఓ ఫిల్టరు సన్న పైపు కూడా ఎలుకలకి మహా ఇష్టం.

ఇప్పుడు బిల్డర్ సంగతి. రియల్ ఎస్టేట్ నియంత్రణకి వచ్చిన రెరా చట్టం (2016) సెక్షన్ 14(3) ప్రకారం తాళాలు ఇచ్చిన రోజు నుంచి ఐదేళ్లలోపు కట్టడంలో గానీ, పనితనంలో గానీ, ఒప్పుకున్న సర్వీసుల్లో గానీ లోపం బయటపడి మనం చెబితే, బిల్డర్ 30 రోజుల్లో సొంత ఖర్చుతో సరిచేయాలి. చేయకపోతే నష్టపరిహారం అడగొచ్చు. మీకు నాలుగేళ్లు దాటింది. మిగిలింది కొన్ని నెలలే. సేల్ అగ్రిమెంటుకి జత చేసిన స్పెసిఫికేషన్ల కాగితంలో 'యాంటీ టర్మైట్ ట్రీట్‌మెంట్' (చెద పట్టకుండా పునాదిలో మందు కొట్టడం) అన్న లైను ఉందేమో చూడండి. బ్రోచర్‌లో ఉన్నా పనికొస్తుంది. అది చేశామని రాసి చేయకపోతే, లేదా మందు నీళ్లలా కొట్టి వదిలేస్తే, అది వాళ్ళ లోపం.

గోరంట్ల వైపు చాలా లేఅవుట్లు మొన్నమొన్నటిదాకా పొలాలు. చెట్ల మొదళ్లు, వేళ్లు, సెంట్రింగ్ చెక్క ముక్కలు పునాదిలోనే వదిలేసి పైన గ్రావెల్ పోసేస్తారు. చెదకి భూమిలోనే అన్నం పెట్టినట్టు. అది అయిపోయాక పైకి, మీ గ్రౌండ్ ఫ్లోర్ కప్‌బోర్డుల్లోకి వస్తుంది. గ్రౌండ్ ఫ్లోర్‌లోనే ఇంకో రెండు ఫ్లాట్లలో కూడా పట్టి ఉంటే అందరూ కలిసి రాయండి, ఒక్కరు రాసిన దానికంటే పనిచేస్తుంది. ఒక్కటి మాత్రం ముందే అనుకోండి. కప్‌బోర్డులు మీరు విడిగా కార్పెంటర్‌తో చేయించుకున్నవైతే వాటి ఖరీదు బిల్డర్ దగ్గర రాబట్టడం కష్టం. పునాది ట్రీట్‌మెంట్, ద్వారబంధాలు మార్చడం వరకు గట్టిగా అడగొచ్చు. ప్రాజెక్టు 500 చదరపు మీటర్ల స్థలం లేదా ఎనిమిది ఫ్లాట్లు దాటినదైతే మామూలుగా రెరాలో రిజిస్టర్ అయి ఉండాలి. బిల్డర్ వినకపోతే ఈ చట్టం కింద రాష్ట్రంలో పనిచేసే ఏపీ రెరాలో ఫిర్యాదు పెట్టొచ్చు.

మందు కొట్టించడం దగ్గర చాలామంది మోసపోతారు. చెద కనబడినచోట స్ప్రే కొట్టి వెళ్ళిపోయేవాళ్ళని పిలవకండి, అది రెండో గదిలో తేలుతుంది. గోడా నేలా కలిసేచోట అడుగుకొకటి చొప్పున డ్రిల్లుతో రంధ్రాలు పెట్టి, మందు నింపి, తెల్ల సిమెంటుతో మూయాలి. కట్టిన ఇళ్ళకి ఎలా చేయాలో భారత ప్రమాణం ఐఎస్ 6313 మూడో భాగంలో ఉంది, ఆ ప్రకారమే చేస్తారా అని అడగండి. ఆ నంబరు వినగానే బేరం మాట్లాడే తీరు మారిపోతుంది. మందు ఇమిడాక్లోప్రిడ్ 30.5 ఎస్‌సీ అంటారు. సీసా సీలు మీ కళ్ళముందే విప్పమనండి. గ్యారంటీ ఎన్నేళ్లో బిల్లు మీదే రాయించుకోండి, నోటిమాటకి విలువ లేదు. బాత్రూమ్ గోడ చెమ్మ ఊరుతుంటే ముందు అది బాగుచేయించాలి. లేకపోతే ఎంత మందు కొట్టినా మళ్ళీ వస్తుంది. తొలకరి వాన పడ్డ సాయంత్రం ట్యూబ్‌లైటు చుట్టూ ఉసిళ్ళు (రెక్కలొచ్చిన చెద) తిరిగి, తెల్లారి కిటికీ దగ్గర ఉత్త రెక్కలు రాలి ఉంటే, అవి ఇంటి లోపలి నుంచే వచ్చాయేమో గోడలు తట్టి చూడండి.

ఎలుకలకి నా ఓటు బోనుకే. సాయంత్రం మిగిలిన మసాలా గారె ముక్క పెడితే చాలు. పేస్టులు మాత్రం ఇంట్లోకి తేకండి. పసుపు భాస్వరం ఉన్న ఎలుకల పేస్టు పొరపాటున పిల్లలు నోట్లో పెట్టుకుంటే దానికి విరుగుడు మందు లేదు. వచ్చే సందుల్ని సిమెంటులో గాజుపెంకులు కలిపి పూడ్చండి.

ఒక్క విషయం విజయవాడ అనుభవం నుంచి. 2024 సెప్టెంబరులో బుడమేరు వరదకి సింగ్ నగర్‌లో మా పిన్ని వాళ్ళ ఇల్లు రోజుల తరబడి నీళ్లలో ఉంది. వాళ్ళకి పాలసీ లేదు, ప్రభుత్వం గ్రౌండ్ ఫ్లోర్‌కి ఇచ్చిన 25 వేలతో సరిపెట్టుకున్నారు. పాలసీ ఉన్న పక్కింటాయనకి ఉబ్బిపోయిన తలుపులకి, పాడైన కప్‌బోర్డులకి వరద కింద వచ్చింది. అప్పుడు మార్చకుండా వదిలేసిన తలుపుకి తర్వాత చెద పడితే, అడిగినా ఇవ్వలేదు. నీళ్లు పోగానే పాడైనవన్నీ క్లెయిమ్‌లో రాసేయాలి.

మీ ఫ్లాటులో ఎప్పుడైనా అగ్ని ప్రమాదం క్లెయిమ్‌ని 'ఎలుకల వల్ల' అన్న కారణంతో తిరస్కరిస్తే ఊరుకోకండి. ముందు కంపెనీ గ్రీవెన్స్ విభాగానికి రాయండి. నెల లోపు జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా హైదరాబాద్‌లో బీమా ఫిర్యాదులు తేల్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌కి వెళ్ళొచ్చు, ఆంధ్రా కూడా వాళ్ళ కిందకే వస్తుంది. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు, ఏడాది లోపు పెట్టాలి.

పెస్ట్ కంట్రోల్ వాళ్ళని పిలిచేముందు చెద పట్టిన ప్రతి చోటా తేదీ పడేలా ఫొటోలు, వీడియో తీసి, బిల్డర్‌కి ఈమెయిల్‌తో పాటు రిజిస్టర్డ్ పోస్టు కూడా పంపండి. మందు కొట్టి, కప్‌బోర్డు పీకి పారేశాక ఫిర్యాదు పెడితే, చెద ఎక్కడుందో చూపించమంటారు.