కొత్త ఫైళ్లు పెట్టినా పాత పేజీయే వస్తోంది: క్యాష్ తుడిచే ముందు ఒక పని చేయండి

మీ పోస్టులో వెబ్‌సైట్ ఫైళ్లు మార్చి, ఎన్‌జినెక్స్ (పేజీలు అందించే సర్వర్ ప్రోగ్రామ్) రీస్టార్ట్ చేసి, బ్రౌజర్ క్యాష్ (అది దాచుకున్న పేజీల కాపీలు) కూడా తుడిచేశానన్నారు. అయినా రిఫ్రెష్ కొడుతుంటే ఒకసారి కొత్త పేజీ, ఒకసారి పాతది వస్తోందన్నారు. అసలు సంగతి ఆ 'ఒకసారి' దగ్గరే ఉంది. మీ బ్రౌజర్ దాచుకున్న కాపీయే అయితే ఇలా ఊగిసలాడదు. వెనక రెండు చోట్ల నుంచి జవాబు వస్తోందని నా అనుమానం.

నాకు అచ్చం ఇదే జరిగింది. ఒక ఫారంలో తప్పు దిద్ది, సర్వర్‌లో నడిచే పీహెచ్‌పీ కోడ్ ఎక్కించాను. నాకు దిద్దుబాటు కనిపిస్తోంది, టెస్టింగ్ చేసేవాళ్లకి లేదు. టెన్షన్‌లో సీడీఎన్ (పేజీల కాపీలు పెట్టుకుని యూజర్లకి దగ్గర్నుంచి ఇచ్చే సర్వర్ల వల) పర్జ్ చేశాను, అంటే అందులోని కాపీలు తుడిచేశాను, బ్రౌజర్లు తుడిపించాను, మళ్లీ పర్జ్ చేశాను. సగం రాత్రి అలాగే పోయింది. నేను చేసిన పెద్ద తప్పు ఏమిటంటే, పాత కాపీ ఎక్కడుందో చూడకుండా అన్నీ ఒకేసారి తుడిచేయడం. దాంతో ఉన్న కాస్త ఆధారం కూడా పోయింది.

చివరికి రిక్వెస్టులని సర్వర్లకి పంచే లోడ్ బ్యాలెన్సర్‌ని పక్కనపెట్టి, మా రెండు సర్వర్లకీ విడివిడిగా కర్ల్ (కమాండ్ లైన్ నుంచి పేజీ తెప్పించే టూల్) కొట్టి చూశాను (రిజాల్వ్ ఆప్షన్‌తో అదే డొమైన్ పేరుని ఏ ఐపీకి కావాలంటే దానికి పంపొచ్చు). మొదటిది కొత్త పేజీ, రెండోది పాతది. తమాషా ఏమిటంటే, రెండో సర్వర్ డిస్క్ మీద కొత్త ఫైలే ఉంది! పీహెచ్‌పీ ఓపీక్యాష్‌లో (కంపైల్ చేసిన కోడ్‌ని మెమరీలో దాచే భాగం) వ్యాలిడేట్ టైమ్‌స్టాంప్స్ అనే సెట్టింగ్ 0 చేసి ఉంది. అలా ఉంటే ఫైల్ మారిందా లేదా అని పీహెచ్‌పీ చూడనే చూడదు, మెమరీలో ఉన్న పాత కోడ్‌నే నడుపుతుంది. కొత్త కోడ్ ఎక్కించే మా డిప్లాయ్ స్క్రిప్ట్ ఒక్క సర్వర్‌లోనే పీహెచ్‌పీ-ఎఫ్‌పీఎమ్‌ని (పీహెచ్‌పీ కోడ్ నడిపే ప్రాసెస్) రీలోడ్ చేస్తోంది. రెండోదాన్ని రీలోడ్ చేయగానే కొత్త పేజీ వచ్చేసింది. ఎన్‌జినెక్స్‌ని ఎన్నిసార్లు రీస్టార్ట్ చేసినా దీనికి ఉపయోగం లేదు, ఎఫ్‌పీఎమ్ వేరే ప్రాసెస్ కదా.

మీది స్టాటిక్ పేజీ (కోడ్ నడపకుండా ఫైల్‌ని ఉన్నదున్నట్టు పంపేది) అయినా, ఒక్కటే సర్వర్ ఉన్నా దారి కొంచెం మారుతుంది. కర్ల్‌తో హెడర్లు (పేజీతో పాటు సర్వర్ పంపే వివరాలు) చూడండి. ఏజ్ హెడర్‌లో 3600 (సెకన్లు) అని ఉంటే, మధ్యలో ఏదో క్యాష్ గంట క్రితం కాపీని ఇస్తున్నట్టే. ఏజ్ కనబడలేదని ఎన్‌జినెక్స్ ప్రాక్సీ క్యాష్‌ని (వెనక సర్వర్ జవాబులని ఎన్‌జినెక్స్ దాచుకునేది) మాత్రం వదిలెయ్యకండి. అది డిస్క్ మీద ఉంటుంది, రీస్టార్ట్‌తో పోదు. ఎన్‌జినెక్స్‌లోని అప్‌స్ట్రీమ్ క్యాష్ స్టేటస్ అనే వేరియబుల్‌ని కొన్నాళ్లు ఒక హెడర్‌లో పెట్టుకుంటే హిట్టో (క్యాష్ నుంచి వచ్చింది), మిస్సో (క్యాష్‌లో లేదు), స్టేలో (గడువు తీరిన కాపీ) అదే చెబుతుంది. అడ్రస్ చివర ప్రశ్నార్థకం పెట్టి ఏదో ఒక అంకె తగిలిస్తే కొత్త పేజీ వచ్చిందా? అయితే అసలు సర్వర్ బాగానే ఉంది, మధ్యలోని క్యాష్‌దే తప్పు. (కొన్ని సీడీఎన్‌లు ఆ తోకని పట్టించుకోవు, జాగ్రత్త.)

ఇంకో మాట. క్యాష్-కంట్రోల్ హెడర్‌లో (కాపీలు ఎలా దాచుకోవాలో చెప్పేది) నో-క్యాష్ పెట్టాను కదా అంటారు చాలామంది. పేరు చూసి మోసపోవద్దు. 'దాచుకో, కానీ ప్రతిసారీ నన్ను అడిగాకే వాడు' అని దానర్థం. అసలు దాచుకోవద్దనేది నో-స్టోర్. హెచ్‌టీఎంఎల్ పేజీలకి నో-క్యాష్ చాలు. ఏమీ పెట్టకపోతేనే చిక్కు, అప్పుడు బ్రౌజర్ లాస్ట్-మాడిఫైడ్ (పేజీ చివరిసారి మారిన తేదీ) చూసి, కాపీని ఎంతకాలం వాడొచ్చో తనే అంచనా వేసుకుంటుంది. హెచ్‌టీటీపీ ప్రమాణంలో చెప్పే మామూలు లెక్క, మారి ఎంతకాలమైందో అందులో 10 శాతం, అంటే 100 రోజులుగా మారని పేజీని 10 రోజులు అడక్కుండానే చూపించొచ్చు.

ముందు మీ సర్వర్ల కర్ల్ హెడర్లు (రెండుంటే విడివిడిగా) తీసి ఇక్కడ పెట్టండి, ఐపీలు చెరిపేసి. అప్పటిదాకా దయచేసి ఏదీ పర్జ్ చేయకండి.