క్రాఫ్ట్ షాపులో డబ్బు ఎక్కడ ఇరుక్కుంటుందంటే

అల్లికలంటే ఇష్టం, ఉద్యోగం మానేసి చిన్న క్రాఫ్ట్ షాపు పెట్టాలనుంది, ఇబ్బందులేమిటి అని అడిగారు. ఆరేళ్లుగా అలాంటిదే నడుపుతున్నాను. ఊలు, క్రోషే దారాలు, పూసలు, ఎంబ్రాయిడరీ సామాను అమ్ముతాను. చేత్తో చేసిన వస్తువులు కూడా కొన్ని పెడతాను. పెట్టొద్దని చెప్పను గానీ, షాపుకి ఎవరూ రారేమోనన్న బెంగ మాత్రం పక్కన పెట్టండి. జనం వస్తారు. డబ్బంతా సరుకులో ఇరుక్కుపోతుంది, అసలు టెన్షన్ అది.

దారమే తీసుకోండి. ఒక్కో రకంలో నలభై యాభై రంగులుంటాయి. పది పెడితే "ఇంతేనా?" అంటారు. నలభై పెడితే ఎనిమిదో తొమ్మిదో కదులుతాయి, మిగతావి అల్మారాకి అందం. హోల్‌సేల్‌లో విడిగా ఒక ఉండ ఇవ్వరు, ప్యాకెట్టు మొత్తం కొనాలి.

దీనికి తోడు డై లాట్, అంటే ఒకేసారి రంగు అద్దిన విడత. లేబుల్ మీద రంగు నంబరు ఒకటే అయినా, అద్దకం విడత మారితే ఛాయలో కాస్త తేడా రావచ్చు. ఉండలు పక్కపక్కన పెడితే తెలియదు, అల్లాకే బయటపడుతుంది. మొదటి ఏడాది ఒకావిడ శాలువాకని ఆరు ఉండలు తీసుకెళ్లి, చాలక మళ్లీ వస్తే ఇంకో రెండు ఇచ్చాను. నెల తిరక్కుండా ఆ శాలువా తెచ్చి కౌంటరు మీద పరిచారు. ముప్పాతిక వంతు దాటాక గీత గీసినట్టు రంగు మారిపోయింది. ఆవిడ ఒక్క మాట అనలేదు, తిట్టినా బాగుండేది. అప్పట్నుంచి లాట్ నంబరు చూడందే ఉండ ఇవ్వను. "ఒకటి ఎక్కువే తీసుకెళ్లండి, విప్పకపోతే వెనక్కి తీసుకుంటాను" అని ముందే చెబుతాను. దానివల్ల జత లేని ఉండలు డబ్బాల్లో పేరుకుంటాయి, అది వేరే సంగతి. వాటిని నాలుగైదు రంగులు కలిపి, చిన్న బొమ్మలు అల్లుకునే వాళ్లకి కట్టలుగా ఇచ్చేస్తున్నాను.

ధర దగ్గర నేను చేసిన పొరపాటు మీరు చేయకండి. 100కి కొన్నది 150కి అమ్మితే సగం లాభమే కదా అనుకున్నాను. అమ్మిన ధర మీద లెక్కేస్తే అది 33 శాతమే. అద్దె, కరెంటు, కవర్లు, పాడైన సరుకు అన్నీ అందులోంచే పోవాలి. మోజుకొద్దీ 20 శాతం డిస్కౌంట్ బోర్డు పెట్టానా, 150ది 120 అయింది, మిగిలే 50 కాస్తా 20 అయింది. మునుపటి డబ్బే చేతికి రావాలంటే రెండున్నర రెట్లు అమ్మాలి. ఆ వారమంతా షాపు కిటకిటలాడింది, నెలాఖరుకి అద్దెకి వెతుక్కోవాల్సి వచ్చింది.

చేత్తో చేసిన వాటి సంగతి ఇంకో రకం. తొమ్మిది గంటలు కూర్చుని అల్లిన బ్యాగుని తిప్పి చూసి, ఫోటో తీసుకుని, "ఇది నేనూ చేసుకోగలను" అంటారు. చేసుకోగలరు కూడా! మొదట్లో చివుక్కుమనేది. ఇప్పుడు దారం, సూది చూపించి, నేర్పే క్లాసు ఎప్పుడో చెబుతాను. నిజానికి నా షాపు నిలబడింది ఆ క్లాసుల వల్లే. నేర్చుకునే వాళ్లు ఎంత సరుకు కావాలో అంతే కొంటారు, పైగా మళ్లీ వస్తారు. వేరే వాళ్లు చేసిన వస్తువులు అమ్మిపెడుతుంటే మాత్రం అమ్మాకే డబ్బు, పాడైతే ఎవరి బాధ్యత, ఎన్నాళ్లకి వెనక్కి తీసుకెళ్లాలి, ఇవన్నీ కాగితం మీద రాసుకోండి. స్నేహితులైతే తప్పకుండా రాసుకోండి.

ఉద్యోగం ఇప్పుడే మానకండి. ముందు రెండే రకాల దారాలు తెచ్చి, ఇంట్లోనే సెలవు రోజుల్లో క్లాసులు పెట్టి చూడండి. కొన్న తేదీ ప్రతి ప్యాకెట్టు మీదా పెన్సిల్‌తో రాయండి. ఆరు నెలలైనా విప్పని ప్యాకెట్లు ఎన్నున్నాయో లెక్కపెట్టాకే షాపుకి అడ్వాన్సు ఇవ్వండి.