అరకు రైలు మలుపులో కీచుమనడం ఎందుకంటే

మీరడిగింది: రెండు చక్రాలూ ఒకే ఇరుసుకి బిగించి ఉంటే, బయటి పట్టా పొడవెక్కువైన మలుపులో రైలు ఎలా తిరుగుతుంది, అరకు ఘాట్‌లో ఆ కీచు శబ్దం ఎందుకని.

కిటుకంతా చక్రం ఆకారంలోనే ఉందండీ. అది సమంగా ఉండదు, 20కి 1 వాలుతో అంచు వైపు (పట్టాకి లోపలి పక్కన కిందికి దిగి ఉండే ఫ్లాంజ్ వైపు) లావెక్కుతుంది. మలుపులో ఇరుసు బయటికి జరగగానే బయటి చక్రం లావు భాగం మీద, లోపలిది సన్నటి భాగం మీద దొర్లుతాయి. ఒకే చుట్టులో బయటిది ఎక్కువ దూరం పోతుంది. పెద్ద మలుపులకు ఇది చాలు.

ఘాట్‌లో చాలదు. మలుపు వ్యాసార్థం 220 మీటర్లు, చక్రం వ్యాసం 915 మిల్లీమీటర్లు అనుకుని లెక్క వేస్తే ఇరుసు దాదాపు 36 మిల్లీమీటర్లు జరగాలి. అంచుకీ పట్టాకీ మధ్య సందేమో ఒక్కో వైపు సుమారు 10 మిల్లీమీటర్లే! బయటి చక్రం అంచు పట్టాకి ఒరుసుకుంటుంది, మిగతా తేడా అంతా జారుడే. పైగా పెట్టె కింద ఒకే ఫ్రేములోని రెండు ఇరుసులూ దాదాపు సమాంతరంగా ఉండడంతో ముందు ఇరుసు మలుపుకి కాస్త ఏటవాలుగా నడుస్తుంది. దాని లోపలి చక్రం అడ్డంగా జారుతూ, పట్టుకుంటూ వదులుతూ గంటలా మోగుతుంది. ముఖ్యంగా ఆ కీచు అదే.

అంచు అరుగుదల తగ్గడానికి బయటి పట్టా లోపలి పక్కన గ్రీజు పూస్తారు. వానలో పట్టా తడిస్తే మోత కూడా బాగా తగ్గుతుంది, ఈసారి గమనించండి.