విశాఖలో ఫ్లాటు, అరకులో లీజు ఇల్లు: రోజువారీ అద్దెకివ్వడానికి ఏ కాగితాలు కావాలి?

మీరు రెండు ఇళ్ల గురించి అడిగారు. ఒకటి విశాఖలో మీ అమ్మగారి పేరు మీద ఉన్న డబుల్ బెడ్‌రూమ్ ఫ్లాటు. అందరూ హైదరాబాద్‌లో ఉండడంతో అది ఖాళీగా పడి ఉంది. రెండోది అరకులో ఒకాయన లీజుకిస్తానంటున్న ఇల్లు. రెండూ ఎయిర్‌బీఎన్‌బీలో పెడదామనుకుంటున్నారు, ట్రేడ్ లైసెన్సు ఒకటి తీసుకుంటే సరిపోతుందా అన్నది మీ ప్రశ్న. మేము విశాఖలోనే మా ఇంటి పై అంతస్తులో రెండు గదులు కొన్నేళ్లుగా అతిథులకు ఇస్తున్నాం. ఆ అనుభవంతో చెప్తున్నాను. లైసెన్సు కంటే ముందు, ఆ ఇల్లు రోజువారీ అద్దెకిచ్చే హక్కు మీకుందా అన్నది తేలాలి. అరకు ఇంటి మీద మీకు ఆ హక్కు రాదు.

అరకు ఇంటికి ఇద్దామనుకుంటున్న అడ్వాన్సు దయచేసి ఇవ్వకండి. అరకు షెడ్యూల్డ్ ఏరియా, అంటే గిరిజనుల కోసం రాజ్యాంగం ప్రత్యేక రక్షణ ఇచ్చిన ఏజెన్సీ ప్రాంతం. అక్కడ అందరూ వన్ ఆఫ్ సెవెంటీ అనే చట్టం ఉంది: 1959 నాటి భూబదలాయింపు నిబంధన, 1970లో దాన్ని గట్టిగా సవరించారు. అందులో బదలాయింపు అంటే అమ్మకం ఒక్కటే కాదు, తాకట్టు, లీజు, దానం, మార్పిడి అన్నీ వస్తాయి. "ఇంటాయన గిరిజనుడు కాదు, నేనూ కాదు, కాబట్టి ఇబ్బంది లేదన్నారు" అని రాశారు. మీకు ఆ మాట ఎవరు చెప్పారో గానీ పూర్తిగా తప్పు చెప్పారు. 1970 సవరణ తర్వాత ఏజెన్సీలో గిరిజనేతరుడు మరో గిరిజనేతరుడికి కూడా ఇవ్వకూడదు. గిరిజనులకో, గిరిజన సహకార సంఘాలకో మాత్రమే ఇవ్వాలి. పైగా అక్కడ గిరిజనేతరుడి చేతిలో ఉన్న ఆస్తి ఏదైనా, వేరే విధంగా రుజువయ్యేదాకా, గిరిజనుల నుంచి వచ్చిందనే చట్టం భావిస్తుంది. 1988లో సుప్రీంకోర్టు ఈ నిబంధన చెల్లుతుందని చెప్పింది. 1997లో సమతా అనే సంస్థ వేసిన కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుతో ప్రభుత్వం కూడా షెడ్యూల్డ్ ఏరియా భూమిని గిరిజనేతరులకు లీజుకివ్వకూడదని తేలింది. ప్రభుత్వమే ఇవ్వలేని లీజు, స్టాంపు పేపరు మీద నోటరీ చేయించినంత మాత్రాన మీకెలా చెల్లుతుంది? రేపు ఎవరైనా ఫిర్యాదు చేస్తే ఈ భూబదలాయింపు నిబంధన కింద కేసవుతుంది, దాన్నే ఎల్‌టీఆర్ కేసు అంటారు. గదులకు టైల్స్, గీజర్లు, మంచాలు అంటూ పెట్టిన డబ్బంతా అక్కడే పోతుంది.

మీ డబ్బు ఒక్కటే కాదు, ఆ చట్టం లేకపోతే అరకు లోయలో రోడ్డు పక్కనున్న భూమంతా ఎప్పుడో మైదానం వాళ్ల చేతుల్లోకి వచ్చేసేది. నాకు అది ఉండడమే న్యాయం అనిపిస్తుంది. అరకు మీద నిజంగా ఇష్టముంటే అక్కడి గిరిజన కుటుంబాలు తమ ఇళ్లలోనే అతిథుల్ని ఉంచుకుంటున్నాయి. ఫోటోలు తీసి పెట్టడం, బుకింగ్‌లు చూడడం, అతిథులతో ఇంగ్లీషులో మాట్లాడడం లాంటి పనుల్లో వాళ్లకు సాయం చేసి ఆ పనికి కమీషన్ తీసుకోండి. ఇంటి మీద, భూమి మీద మీకు ఏ హక్కూ రాసుకోవద్దు. ఆ ఒప్పందమైనా ఎల్‌టీఆర్ కేసులు చూసే పాడేరు వైపు వకీలుకు చూపించాకే సంతకం చేయండి.

ఇక విశాఖ ఫ్లాటు. ఇది జరగొచ్చు, కానీ మీరనుకుంటున్న పేరుతో కాదు. హోమ్‌స్టే అంటే ఇంటివాళ్లు ఉంటున్న ఇల్లు. కేంద్ర పర్యాటక శాఖ బెడ్ అండ్ బ్రేక్‌ఫాస్ట్, హోమ్‌స్టే పథకంలో సిల్వర్, గోల్డ్ అని రెండు కేటగిరీలున్నాయి, ఆరు గదుల దాకా ఇవ్వొచ్చు. అయితే యజమాని గానీ కుటుంబం గానీ అదే ఇంట్లో నివసిస్తూ ఉండాలన్నది మొదటి షరతు. కేర్‌టేకర్‌ను పెడితే ఈ షరతు తీరదు. మీ అమ్మగారు విశాఖ వచ్చి ఒక గదిలో ఉండి రెండో గది ఇస్తే అది హోమ్‌స్టే. తాళం చెవి వాచ్‌మన్ చేతిలో పెట్టి మీరు హైదరాబాద్‌లో ఉంటే అది సర్వీస్ అపార్ట్‌మెంట్ లాంటి వ్యాపారం. అప్పుడు విశాఖ నగరపాలక సంస్థ (జీవీఎంసీ) ట్రేడ్ లైసెన్సు అవసరం పడుతుంది, ఆస్తి పన్ను నివాసేతర రేటుకు మారొచ్చు, కరెంటు మీటరు కూడా గృహ కేటగిరీ నుంచి మార్చమనొచ్చు. కరెంటు కంపెనీ ఏపీఈపీడీసీఎల్ సెక్షన్ ఆఫీసులో, వార్డు సచివాలయంలో ఈ సంగతి నోటిమాటగా అడగకండి. అర్జీ రాసిచ్చి దాని మీద స్టాంపు వేయించుకోండి. మేము అడిగిన ప్రతి చోటా నోటిమాట ఒకరు ఒకలా చెప్పారు, రాసిచ్చిన జవాబు మాత్రం ఇప్పటికీ మా ఫైల్లో ఉంది, అదే పనికొస్తోంది.

అపార్ట్‌మెంట్ అసోసియేషన్ విషయం దీనికంటే పెద్దది. రిజిస్టరైన ఏ అసోసియేషన్‌కైనా బైలాస్, అంటే రాసిపెట్టుకున్న సొంత నియమాలు, ఉంటాయి. ఫ్లాట్లు నివాసానికే వాడాలి, వ్యాపారానికి వాడకూడదు అనే క్లాజు చాలా చోట్ల కనిపిస్తుంది. కొన్ని కొత్త అపార్ట్‌మెంట్లలో నెల కంటే తక్కువ అద్దెలు వద్దని తీర్మానమే చేసుకున్నారు. చట్టం సంగతి పక్కన పెట్టినా, అర్ధరాత్రి ట్రాలీ బ్యాగులతో దిగే కొత్త మనుషులకు లిఫ్టు చూపించి, పార్కింగ్ సర్దాల్సింది వాచ్‌మన్. ఆ నిద్ర అతనిది, అతని భార్యాపిల్లలది. ఎదురు ఫ్లాటులో వయసైన దంపతులు ఉంటే రోజుకో కొత్త ముఖం చూసి వాళ్లు భయపడడం సహజం. కమిటీ లిఖితపూర్వకంగా ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) ఇస్తేనే ముందుకెళ్లండి. ఇవ్వకపోతే నెలవారీ అద్దెకిచ్చేయండి, పోట్లాడి మాత్రం నడపకండి. హోమ్ లోన్ ఇంకా నడుస్తుంటే బ్యాంకు అగ్రిమెంటు, ఇన్సూరెన్స్ ఉంటే ఆ పాలసీ కూడా ఒకసారి చదవండి. వ్యాపారానికి వాడితే క్లెయిమ్ ఇవ్వమనే షరతు ఉండొచ్చు.

ఇవన్నీ ఒక ఎత్తు, అతిథుల రిజిస్టరు ఒక్కటే ఒక ఎత్తు. బుక్ చేసినవాళ్లొక్కరి ఐడీ తీసుకుని ఊరుకోవద్దు. గదిలో పడుకునే ప్రతి పెద్దవాళ్ల పేరు, ఊరు, ఫోను, ఐడీ రకం, వచ్చిన టైము, వెళ్లిన టైము, బండి నంబరు, సంతకం ఉండాలి. ఆధార్ ఇస్తే చివరి నాలుగంకెలే కనిపించే మాస్క్‌డ్ కాపీ అడగండి. ఆ ఫోటోలు వాట్సాప్‌లో ఏళ్ల తరబడి ఉంచుకోవద్దు. మన ప్రాంతంలో గంజాయి కేసులు ఎలా ఉంటాయో మీకు చెప్పక్కర్లేదు. మత్తుపదార్థాల మీద ఉన్న ఎన్‌డీపీఎస్ చట్టం 25వ సెక్షన్ ప్రకారం తెలిసి తన ఇంటిని అలాంటి పనికి వాడనిచ్చినవాడు కూడా ముద్దాయే. వ్యభిచారం నడపడాన్ని అడ్డుకునే 1956 నాటి ఇమ్మోరల్ ట్రాఫిక్ చట్టంలోనూ ఇంటి యజమానికి శిక్ష, ఇంటికి సీలు రెండూ ఉన్నాయి. పోలీసులు వచ్చిన రోజు మీరు నిజాయితీగా నడిపారని చూపించేది ఆ పుస్తకమే.

అలాగని పెళ్లికాని జంటలకు గది ఇవ్వకూడదన్న చట్టం ఏదీ లేదు. 2019లో కోయంబత్తూరులో ఒక సర్వీస్ అపార్ట్‌మెంట్‌ను అధికారులు సీలు చేస్తే, ఇద్దరు మేజర్లు ఒక గదిలో ఉండడం నేరమని చెప్పే చట్టం లేదని మద్రాసు హైకోర్టు చెప్పి సీలు తీయించింది. ఇద్దరి ఐడీలూ ఉండి, ఇద్దరికీ పద్దెనిమిది నిండితే మేము గది ఇస్తాం.

విదేశీయుల విషయంలో తెలుగువాళ్లమే ఎక్కువ పొరపడతాం. ఒక సంక్రాంతి సెలవుల్లో రాజమండ్రి నుంచి ఒక కుటుంబం వచ్చింది. పెద్దావిడ ఆధార్ ఇచ్చి "వీడు మా అల్లుడేనండీ, మనవడు, మనవరాలు, వీళ్లకేం కాగితాలు" అన్నారు. ముగ్గురివీ అమెరికా పాస్‌పోర్టులు. తెలుగు ఎంత చక్కగా మాట్లాడినా చట్టం దృష్టిలో వాళ్లు విదేశీయులే, భారత సంతతి విదేశీయులకిచ్చే ఓసీఐ కార్డు ఉన్నా, ప్రభుత్వ పోర్టల్లో నేను వాళ్ల వివరాలు నింపుతాను. డైనింగ్ టేబుల్ దగ్గర పాస్‌పోర్టులు తెరిచి కూర్చుంటే, దేశంలోకి ఎప్పుడు దిగారన్న గడి దగ్గర ఆగిపోయాం. ఆ తేదీ ఇమిగ్రేషన్ స్టాంపు మీద ఉంటుంది, పిల్లాడి పుస్తకంలో అది ఏ పేజీలో పడిందో వెతికేసరికి పెద్దావిడ పెట్టిన టీ చల్లారిపోయింది. ఎక్కడి నుంచి వచ్చారు, ఇక్కడి నుంచి ఎక్కడికి వెళ్తారు అని కూడా ఆ పోర్టల్ అడుగుతుంది. అందరూ ఫారం-సి అనే ఈ వివరాలు అతిథి వచ్చిన 24 గంటల్లోపు విదేశీయుల నమోదు కార్యాలయం (ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓ) పోర్టల్లో పెట్టాలి. 2025 సెప్టెంబరు 1 నుంచి కొత్త ఇమిగ్రేషన్ అండ్ ఫారినర్స్ యాక్ట్ వచ్చి 1946 నాటి చట్టం పోయినా ఈ బాధ్యత పోలేదు. పోర్టల్లో ముందు మీ ఇల్లు నమోదై, అధికారి ఆమోదించాకే లాగిన్ వస్తుంది. కాబట్టి లిస్టింగ్ పెట్టకముందే ఆ పని పూర్తి చేసుకోండి. అతిథి గుమ్మంలో నిలబడ్డాక మొదలుపెడితే అనవసరమైన టెన్షన్.

పన్నుల గురించి మీరు పడుతున్నంత భయం అక్కర్లేదు. అన్ని వ్యాపారాలూ కలిపి మీ టర్నోవర్ ఏడాదికి 20 లక్షలు దాటకపోతే జీఎస్టీ రిజిస్ట్రేషన్ అవసరం లేదు, అప్పుడు బుకింగ్ ప్లాట్‌ఫామే ఆ పన్ను కడుతుంది. గది అద్దె రోజుకు 7,500 లోపు ఉంటే 2025 సెప్టెంబరు 22 నుంచి 5 శాతం, దాటితే 18. ప్లాట్‌ఫామ్ మీకిచ్చే డబ్బులో ఆదాయపు పన్ను కింద ముందే కోసే టీడీఎస్ 2024 అక్టోబరు నుంచి 0.1 శాతమే. ఫ్లాటు మీ అమ్మగారి పేరున ఉంది కాబట్టి హోస్టు ఖాతా, పాన్, బ్యాంకు అకౌంటు కూడా ఆవిడవే పెట్టండి. డబ్బు మీ అకౌంట్లో పడి ఇల్లు ఆవిడదైతే రిటర్న్ వేసేటప్పుడు ఆడిటరు తల పట్టుకుంటాడు. అతిథులకు టిఫిను, భోజనం పెడితే ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ రిజిస్ట్రేషన్ తీసుకోండి, ఆన్‌లైన్లోనే అవుతుంది.

చివర్లో గోవాలో ఫ్లాటు కొనే ఆలోచన కూడా రాశారు. అక్కడ 1982 నుంచీ టూరిస్టు వ్యాపార రిజిస్ట్రేషన్ చట్టం ఉంది, హోమ్‌స్టేలు కూడా దాని కిందికే వస్తాయి. బిల్డరు "అన్నీ మేమే చూసుకుంటాం" అంటే ఆ సర్టిఫికెట్ ఎవరి పేరున వస్తుందో అడగండి.

ఈ వారం మీరు చేయాల్సింది ఒకటే: విశాఖ అసోసియేషన్ సెక్రటరీకి ఫోన్ చేసి బైలాస్ కాపీ తెప్పించుకోండి. ఫ్లాటు వాడకం గురించిన క్లాజు ఉన్నదున్నట్టు ఇక్కడ రాయండి, చూసి చెప్తాను.