డిక్కీ రాడ్లు మార్చే ముందు

బుజ్జమ్మా,

ఆదివారం నీ కారు డిక్కీ మూతని ఎత్తి నిలబెట్టే రెండు రాడ్లూ నువ్వే మార్చుకుంటానంటున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. "చూడండి బావగారూ, దీనికెందుకీ పనులు?" అని గోల. ఇంతమంది మగపిల్లలుండీ మన ఇంట్లో ఒక్కడూ స్పానర్ పట్టలేదు. నువ్వు పడతానన్నావని విన్నాక ఆ పూట నాకు రెండు ముద్దలు ఎక్కువే దిగాయి. రాత్రి మాత్రం నిద్ర పట్టలేదు. ఫోన్‌లో చెబితే "సరే పెదనాన్నా, సరే" అంటూ సగమే వింటావు. అందుకే రాస్తున్నాను.

పని చిన్నదే. రాడ్డు కొనలో ఉన్న క్లిప్పును సన్న స్క్రూడ్రైవర్‌తో కాస్త ఎత్తి, రాడ్డుని అది కూర్చున్న గుండు (గుండ్రటి తల ఉన్న బోల్టు) మీంచి లాగెయ్యాలి. కొత్తది టక్కుమనేదాకా నొక్కాలి. కొన్ని కార్లలో ఒక కొనకి బోల్టులుంటాయి, ముందు నీ కారుకేమున్నాయో చూసుకో. క్లిప్పు పూర్తిగా ఊడబీకకు, ఎగిరిపోతే సెల్లార్‌లో దొరకదు. కళ్లజోడు తియ్యకు. వీడియోల్లో ఇదంతా చూసే ఉంటావు.

వీడియోల్లో లేనిది మీ నాన్న వేలు.

వాడి కుడిచేతి చిటికెనవేలు వంకరగా ఉంటుంది కదా, క్రికెట్ బంతి తగిలిందని మీకందరికీ చెప్పాడు. క్రికెట్టూ లేదు, ఏమీ లేదు. నీకు అప్పటికి నడక కూడా రాలేదు. వాడు సెకండ్ హ్యాండ్ కారు కొన్నాడు. డిక్కీ రాడ్లు అప్పటికే నీరసించాయి. నా మెకానిక్ షెడ్డుకి తీసుకురారా, మార్చేస్తానన్నాను. ఎండాకాలం మిట్టమధ్యాహ్నం తెచ్చాడు. డిక్కీ ఎత్తితే ఆగింది. "చూశావా అన్నయ్యా, భేషుగ్గా ఉన్నాయి. బేరం కోసం నన్ను భయపెడుతున్నావు" అని నవ్వి వెళ్లిపోయాడు.

అసలు మోసమంతా అక్కడే ఉంది. ఆ రాడ్డు గొట్టంలో ఉండేది నైట్రోజన్ గ్యాసు, ఒత్తిడి మీద కూరి పెడతారు. ఎండకి ఒత్తిడి పెరుగుతుంది, చలికి తగ్గుతుంది. 15 డిగ్రీల చలికీ 45 డిగ్రీల ఎండకీ మధ్య రాడ్డు బలంలో సుమారు 10 శాతం తేడా వస్తుంది. మంచి రాడ్డుకి అదొక లెక్క కాదు. గ్యాసు బయటికి పోకుండా ఆపే సీలు అరిగి, కొంచెం కొంచెంగా గ్యాసు పోగొట్టుకున్న రాడ్డు మాత్రం మధ్యాహ్నం మూతని నిలబెట్టి, తెల్లవారుజామున వదిలేస్తుంది. నువ్వు కూడా "ఆఫీసులో బయట పార్క్ చేసినప్పుడు బాగానే ఆగుతోంది" అన్నావట. ఆ మాట వినే నాకు నిద్ర పట్టనిది.

చలికాలం రాగానే వాడి డిక్కీ జారడం మొదలైంది. అప్పుడైనా వచ్చాడా? మాప్ కర్ర ఒకటి కోసి కార్లో పడేసుకున్నాడు. మూత ఎత్తడం, కర్ర ఆనించడం. దానికి మూడో రాడ్డని పేరు కూడా పెట్టాడు, అదో పెద్ద జోకు. భోగి రోజు చీకటితోనే అందరం ఊరికి బయల్దేరుతున్నాం. మీ నానమ్మ వంగి అరిసెల డబ్బా సర్దుతోంది. పక్కనుంచి ఎవరో సూట్‌కేసు లోపలికి తోశారు, అది కర్ర అడుగుకి తగిలింది. మూత దిగిపోతుంటే మీ నాన్న ఒక చేత్తో అమ్మని వెనక్కి లాగి, రెండో చెయ్యి అడ్డం పెట్టాడు. అమ్మకి ఏమీ కాలేదు. వాడి వేలు డిక్కీ లాక్ దగ్గర ఇరుక్కుంది.

పండగంతా పిండికట్టుతోనే. నా అరిసెల వల్లే కదా అని మీ నానమ్మ ఎన్నాళ్లు ఏడ్చిందో. ఆవిడ ముందు ఆ ప్రస్తావన రాకూడదని, ఎవరడిగినా క్రికెట్ అనడం అప్పుడు మొదలుపెట్టాడు. ఆవిడ పోయాక కూడా మానలేదు. నాకు వాడంటే ఎంత ప్రేమో, ఆ విషయంలో అంత కోపం. అమ్మ కోసం చెయ్యి పెట్టినవాడు రెండు రాడ్ల కోసం నాలుగు డబ్బులు పెట్టలేకపోయాడా?

అందుకని కర్ర మాట ఎత్తకు. అల్లుణ్ణి నిద్రలేపి, రెండు చేతులతో మూత పట్టుకొమ్మను. ఫోన్ ఇంట్లో పెట్టి రమ్మను. ఒక రాడ్డు తీసి, దాని చోట కొత్తది బిగించి, లాగి చూశాకే రెండోదాని జోలికి వెళ్లు. రెండూ ఒకేసారి తీశావా, అద్దం బరువు, రేకు బరువు అంతా ఆ పిల్లాడి చేతుల మీదే. నువ్వు హెల్మెట్ పెట్టుకో. సెల్లార్‌లో వాళ్లు నవ్వితే నవ్వనీ. ర్యాంప్ మీద కాదు, చదునైన చోట. చంటాణ్ణి పైన మీ అత్తగారి దగ్గర వదిలిరా. సైకిళ్లు తొక్కుకునే పిల్లల్ని కూడా అటు రానివ్వకు, వాళ్లు సరిగ్గా వేళ్లు పెట్టకూడని చోటే పెడతారు.

రాడ్లు జతగానే కొను. ఒకటి పాతది, ఒకటి కొత్తది ఉంటే మూత ఒకవైపుకి మెలితిరుగుతుంది. గొట్టం మీద పార్ట్ నంబరూ, పక్కన న్యూటన్లలో బలం అంకె ఉంటాయి. 400 అని ఉంటే దాదాపు 40 కిలోల తోపు అనుకో. షాపులో ఎవరైనా "ఇంకాస్త స్ట్రాంగ్‌ది వేసుకోండి మేడమ్" అంటే ఒప్పుకోకు. మూత విసురుగా లేచి గడ్డానికి తగులుతుంది. ముయ్యాలంటే దానికి వేలాడాలి, అలా నొక్కగా నొక్కగా బిగింపు దగ్గర రేకు వంగుతుంది. పుత్లీబౌలిలో సెకండ్ హ్యాండ్‌వి చవగ్గా దొరుకుతాయని అల్లుడు అంటాడేమో. ఈ ఒక్క వస్తువుకి వద్దు.

తీసేముందు ఫోటో తీసుకో. లావు గొట్టం ఏ వైపుందో, కొత్తది కూడా అలాగే పెట్టాలి. లోపల కొద్దిగా నూనె ఉంటుంది, అది సీలుకి తడి తగులుతూ ఉండాలి, లేకపోతే త్వరగా ఎండిపోతుంది. గొట్టంలోంచి బయటికొచ్చే మెరిసే కడ్డీని కటింగ్ ప్లయర్‌తో పట్టుకోకు. గీత పడితే సీలు చిరుగుతుంది, కొత్త రాడ్డు కాస్తా పాతదవుతుంది. చేత్తో నొక్కితే లోపలికి పోవట్లేదని కంగారు పడకు, కొత్తది అలాగే ఉంటుంది. గుండుకి అందకపోతే మూతని ఇంకొంచెం పైకెత్తమను.

పాతవి ఇనుప సామాన్లవాడికి ఇచ్చేటప్పుడు లోపల గ్యాసుందని చెప్పి ఇవ్వు. నీరసించినా కారు టైరు కంటే ఎన్నో రెట్ల ఒత్తిడి ఇంకా అందులో ఉంటుంది. కొయ్యకూడదు, డ్రిల్ పెట్టకూడదు, మంటలో వెయ్యకూడదు. వాడికి తెలియదేమో, పాపం వాడికీ పిల్లలుంటారు.

ఏమీ కొనకముందే ఆ గొట్టం మీద రాత ఫోటో తీసి నాకు పంపు. వెలుతురులో తియ్యి, అంకెలు సరిగ్గా కనబడాలి. మీ నాన్న చేత కూడా చూపించుకో, తిట్టినా పర్లేదు. రాత్రి పదింటిదాకా మెలకువగానే ఉంటాను.

మీ పెదనాన్న