ఇంజినీరింగ్ వద్దు, ఆరోవిల్ పోతానంటున్నాడు

దేవరకొండ దగ్గరి పల్లె నుంచి ఒక తండ్రి అడిగారు. కొడుక్కి ఇంటర్ ఎంపీసీ అయిపోయింది, ఇప్పుడు ఆరోవిల్ పోయి వడ్రంగి పని, మట్టి ఇటుకల పని చేసుకుంటూ అక్కడే ఉంటానంటున్నాడట. "అదేమన్నా ఆశ్రమమా సార్, బతుకుదెరువు ఉంటదా?" అని వారి బాధ.

అన్నా, ముందు టెన్షన్ తగ్గించుకోండి. కాషాయం కట్టే చోటు కాదది. 1968లో పుదుచ్చేరి పక్కన మొదలైన ఊరు, సుమారు 3 వేల మంది ఉంటారు. వడ్రంగం, కుండలు, అగరబత్తీలు, కుట్టుపని, ఇలా చిన్న చిన్న వర్క్‌షాపులు బోలెడు, వాటిని యూనిట్లు అంటారు, లాభంలో మూడో వంతు ఊరి ఉమ్మడి ఖాతాకు ఇవ్వాలన్నది నియమం. మన పల్లెల్లో వడ్లాయన, కమ్మరి, కుమ్మరి చేసిన పనికి కల్లం దగ్గర గింజలు కొలిచిన కాలం మీకూ గుర్తుండే ఉంటది, కొంచెం ఆ పద్ధతే, కాకపోతే అక్కడ కులం లెక్క లేదు.

కానీ వాడు అక్కడ స్థిరపడటానికి కాదు, పని నేర్చుకోవడానికి పోవాలి. ఎందుకంటే అక్కడి భూమి, ఇల్లు ఎవరి సొంతమూ కావు. పనికి వచ్చేది కూడా జీతం అనేకంటే నెల గడవడానికి ఇచ్చే మొత్తం, అందులోంచి ఇంటికి పంపుతాడని మీరు ఆశ పెట్టుకోవద్దు. రేపు మనసు మారి వెనక్కొస్తే చేతిలో పని ఉండాలి కదా.

మట్టి ఇటుకల సంగతైతే నాకు బాగా నచ్చింది. అక్కడి ఎర్త్ ఇన్‌స్టిట్యూట్‌లో చిన్న కోర్సులు ఉంటాయి. ఎర్రమట్టిలో 5 శాతం దాకా సిమెంటు కలిపి ప్రెస్సులో నొక్కుతారు, బట్టీ అక్కర్లేదు, నాలుగు వారాలు తడి ఆరిపోకుండా చూసుకుంటే చాలు. తడి సరిపోయిందా లేదా అని చూడటానికి మట్టిని పిడికిట్లో ముద్ద చేసి ఛాతీ ఎత్తు నుంచి వదులుతారు, పొడి పొడి అయితే నీళ్లు తక్కువ, చపాతీలా అతుక్కుంటే ఎక్కువ, నాలుగైదు పెళ్లలుగా పగిలితే సరి. మన దగ్గర ఎర్రచెల్కకు కరువా! ఈ పని వస్తే నల్లగొండలోనే ఇళ్లు కట్టుకోవచ్చు.

పంపే ముందు ఒక నెల మీ ఊరి వడ్లాయన దగ్గర కూర్చోబెట్టండి. మొదటి వారం ఉలి నూరడమే పని పెట్టమనండి, ముంజేతి వెంట్రుకలు నున్నగా తెగే దాకా. మూడో రోజే నడుము నొప్పి అని ఇంటికొస్తే మీకు జవాబు దొరికినట్టే, బస్సు చార్జీలు మిగులుతాయి. నెల నిలబడితే మాత్రం అడ్డం పడకండి.

కాగితం కూడా కావాలంటే ఐటీఐలో కార్పెంటర్, వెల్డర్ ఏడాది కోర్సులే, ఆ తర్వాత పోయినా ఆలస్యమేం కాదు, నన్నడిగితే అదే మేలు. దూరం పంపడం ఇష్టం లేకపోతే పోచంపల్లి పక్కన జలాల్‌పూర్‌లో స్వామి రామానంద తీర్థ గ్రామీణ సంస్థ ఉంది, పల్లె పిల్లలకు వృత్తి శిక్షణ ఇస్తారు, ఇప్పుడు ఏ కోర్సులు నడుస్తున్నాయో అడగండి. చేతివృత్తుల వాళ్లకోసం ఉన్న కేంద్ర పథకం పీఎం విశ్వకర్మ కింద పనిముట్లకు 15 వేలు, 5 శాతం వడ్డీకి లక్ష అప్పు ఇస్తారు గానీ, అది ఇప్పటికే ఆ పని చేస్తున్నవాళ్లకు, మీవాడికి ఇప్పుడే రాదు.

ఇంకొకటి, అక్కడి వర్క్‌షాపుల్లో మేస్త్రీలు ఎక్కువగా తమిళం మాట్లాడతారు. ఈ నెలలోనే నాలుగు ముక్కలు నేర్చుకోమనండి, లేకపోతే మేస్త్రీ సుత్తి అడిగితే మీవాడు రంపం ఇస్తాడు.